ఏడేళ్ల గొంతు

నా వయసు యాభై మూడు. నా గొంతు వయసు ఏడు. ముప్ఫై ఏళ్లుగా నేను చేసిన ఉద్యోగమల్లా ఫిల్మ్‌నగర్‌లో ఒక చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెరమీద ఊళ్లోవాళ్ల పిల్లల తరఫున ఏడవడం. సినిమాలో చంటిది గుక్కపట్టి ఏడుస్తుంటే మీరు కళ్లు తుడుచుకున్నారా? ఆ గుక్క నాదే. జాతరలో తప్పిపోయిన పిల్లాడు "అమ్మా" అని అరిచాడా? అరిచింది నేనే, అదీ మోకాళ్ల నొప్పులకు మాత్ర వేసుకుని.

అలాంటి నేను పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఎమ్మెస్సీలో చేరాను. ఎప్పుడో దూరవిద్యలో బీఏ సైకాలజీ వెలగబెట్టి ఉన్నాను లెండి. ఈమధ్య డబ్బింగులో పిల్లల పాత్రలకు పిల్లల్నే పిలుస్తున్నారు, అదే న్యాయం కూడా. ఖాళీగా ఇంట్లో కూర్చుంటే ఒక సంగతి బుర్రను తొలవడం మొదలెట్టింది. నాకు పన్నెండు రకాల ఏడుపులు వచ్చు. ఆకలి ఏడుపు, దెబ్బల ఏడుపు, దొంగ ఏడుపు, అన్నీ అడిగిన క్షణాన పలుకుతాయి. కానీ ఒక్క పిల్ల అయినా ఎందుకు ఏడుస్తుందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. డైరెక్టరు చెప్పేవాడు, నేను ఏడ్చేదాన్ని.

మా ఆయన బసవపున్నయ్య సినిమాలకు చప్పుళ్లు చేసే మనిషి. హీరో మెట్లు దిగితే ఆ అడుగులు ఈయనవి, విలన్ గ్లాసు పగలగొడితే ఆ గ్లాసు మా వంటింట్లోది. మధురానగర్‌లో మా ఇల్లు చూసినవాళ్లు ఈ మొగుడూ పెళ్లాలకు సొంత చప్పుడంటూ ఉందా అని నవ్వుకుంటారు. నేను చదువుతానంటే ఆయన కళ్లజోడు తీయకుండానే, "చదువుకోవే. తప్పితే ఏడవడం నీకేం కొత్త కాదుగా" అన్నాడు.

మొదటి రోజు క్లాసులోకి అడుగుపెట్టగానే ఇరవై మంది ఇరవై రెండేళ్ల పిల్లలు గబగబా లేచి గుడ్ మార్నింగ్ చెప్పారు. లెక్చరర్ అనుకున్నారు పాపం. నేను కూడా తెలివితక్కువగా, గంభీరంగా కూర్చోమని చెయ్యి ఊపాను. తర్వాత వెళ్లి చివరి బెంచీలో కూర్చుంటే గది గదంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ వెనకే అసలు లెక్చరర్ వచ్చింది. స్ఫూర్తి మేడమ్. ముప్ఫై ఒక్కేళ్లు, జనగామ వైపు పిల్ల. ఆవిడొస్తే ఎవరూ లేవలేదు. లేవాల్సిన ఓపిక అంతా నా మీద ఖర్చయిపోయింది కదా.

నేనేం చేస్తానో మాత్రం అక్కడెవరికీ చెప్పలేదు. సినిమా ఆఫీసులో పని అన్నాను. ఎందుకంటే డబ్బింగని చెబితే ఎవరైనా అనే తర్వాతి మాట ఒక్కటే: "ఏదీ, ఒకసారి ఏడవండి." పెళ్లిళ్లలో అడిగారు, బ్యాంకులో అడిగారు. ఒక పళ్ల డాక్టరైతే నోట్లో అద్దం పెట్టి మరీ అడిగాడు. చదువుకునేచోటైనా మర్యాదగా ఉందామనుకున్నాను.

రెండో సెమిస్టరులో కేసులిచ్చారు. జూబిలీహిల్స్‌లో మా యూనివర్సిటీ వాళ్ల చిన్న క్లినిక్ ఉంది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో పిల్లో పిల్లాడో, పన్నెండు సిట్టింగులు. నాకు వచ్చిన పిల్ల పేరు నిహారిక. ఏడేళ్లు. షేక్‌పేట నుంచి వాళ్ల నానమ్మ శకుంతలమ్మ ఆటోలో తీసుకొచ్చేది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు పోతారు.

"ఇంట్ల ఉంటే నోరు మూయదు మేడం" అంది శకుంతలమ్మ మొదటి రోజు. "టీవీకి జవాబు చెప్తది, పిల్లితోని కొట్లాడ్తది. గడప దాటిందా, ఒక్క మాట రాదు. రెండేండ్ల సంది బడిల ఎవ్వరు దీని గొంతే ఇనలే. జబ్బా, మొండితనమా, డాక్టరు తోని రాయించుకొని రమ్మన్నరు."

అదీ సంగతి. సమస్యేనని మేం రాసిస్తే బడివాళ్లు ఆ పిల్లకు టైమివ్వాలి, నిలబెట్టి చదవమని బలవంతపెట్టకూడదు. మాట్లాడగలదని రాసిస్తే, కావాలని మాట్లాడట్లేదన్నమాట. మొండిదన్నమాట. మూడో క్లాసుకు పంపరు. ఏడేళ్ల పిల్ల సంవత్సరం మొత్తం మా ఒక్క ఉత్తరం మీద ఆధారపడి ఉంది.

స్ఫూర్తి మేడమ్ నన్ను పిలిచి మరీ చెప్పింది. "అమ్మాజీ గారూ, మీ పని మాట్లాడించుడు కాదు, పక్కన కూర్చునుడు. ఆమె మాట్లాడకుంటే మాట్లాడకపోనియ్యండి. ఆ ఖాళీని మీరు నింపకండి, సరేనా? ఇంటివాళ్లు వీడియో వద్దన్నరు, ఆడియో రికార్డ్ చేసి వెంటనే నాకు పంపండి."

సరేనన్నాను. నాకెందుకు తెలియదు? మౌనం గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. పదికి తొమ్మిది వచ్చాయి.

గురువారం మొదటి సిట్టింగు. చాప మీద బొమ్మలు పరిచి ఉన్నాయి. ఒక అమ్మ బొమ్మ, ఒక పులి, ఒక పసుపు ఆటో, ఇంకేవో. నిహారిక చాలాసేపు చాప అంచునే కూర్చుంది. రెండు జడలు, ఒక రిబ్బను ఊడిపోయి ఉంది. తర్వాత మెల్లగా చిన్న బొమ్మనొకదాన్ని తీసి ఆటో కింద దూర్చింది. దూర్చి, దానివైపు వంగి, ఏదో అంది. గొంతు లేదు. పెదవులు మాత్రం కదిలాయి.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక ముక్క చెప్పాలి. పెదవి కదలడాన్ని మేం లిప్పు అంటాం. తెరమీద లిప్పు కనిపించి మాట పడకపోతే అద్దం వెనకనుంచి ఇంజనీరు అరుస్తాడు. ముప్ఫై ఏళ్లు ఆ అరుపు విన్న మనిషికి లిప్పు కనిపిస్తే బుర్రతో పని ఉండదు, నోరే చూసుకుంటుంది.

"నేను ఇక్కడ దాక్కున్నాను" అంది నా నోరు, ఏడేళ్ల గొంతుతో.

నిహారిక తలెత్తి చూసింది. కళ్లు ఇంతింత చేసుకుని చూసింది. ఆహా, పిల్లకు సరదా పుట్టిందనుకున్నాను. "ఎందుకమ్మా దాక్కున్నావు?" అన్నాను, ఇది నా సొంత గొంతుతో. మళ్లీ పెదవులు కదిలాయి. "బడికి వెళ్లను. నాకు భయమేస్తుంది" అంది నా నోరు. అలా నలభై నిమిషాలు. నిహారిక నా కళ్లలోకి కాదు, నా నోటివైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆ పిల్ల పెదవులు కదలడం మానేశాయి. అయినా నేను చెబుతూనే ఉన్నానని నాకు అప్పుడు తెలియలేదు. పైగా సిట్టింగు భలే కుదిరిందని లేస్తూ లేస్తూ మురిసిపోయాను.

తలుపు తీస్తే ఎదురుగా శకుంతలమ్మ. కళ్లు నిండుగా ఉన్నాయి.

"మాట్లాడింది గదా మేడం? తలుపు కాడ ఇన్న."

మందపాటి తలుపు, పైన ఏసీ మోత, వాటి మధ్య సన్నగా ఒక పిల్ల గొంతు. ఆశ ఉన్నవాళ్ల చెవికి అంతకన్నా ఏం కావాలి? "బొమ్మలతో ఆడిందమ్మా" అన్నాను. లేదు, మాట్లాడలేదు అనలేదు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ముప్ఫై ఏళ్లలో నా పనికి నన్నెవరూ చేతులు పట్టుకోలేదు. ఇంజనీరు "ఓకే, నెక్స్ట్" అంటాడు, అంతే. ఇంకొక్క నిమిషం ఆవిడ అలాగే పట్టుకుంటే బాగుండుననిపించింది. సిగ్గులేదు నాకు.

రికార్డింగు అక్కడినుంచే మేడమ్‌కు పంపేసి ఇంటికొచ్చాను. ఆ మాటలన్నీ కాగితం మీద రాయాలి కదా, ఫోను బల్లమీద పెట్టి మోగించాను. బసవపున్నయ్య వంటింట్లో కొబ్బరి కోరుతున్నాడు. కోరడం ఆపాడు.

"ఏ సినిమా?"

"సినిమా కాదండీ. నా కేసు."

"కేసా? మరి ఆ పిల్లేది?"

"వినపడట్లా? మాట్లాడేది ఆ పిల్లేగా" అన్నాను, నిజంగా అలా అన్నాను.

ఆయన కొబ్బరి చిప్ప చేతిలోనే పట్టుకుని వచ్చి ఫోను దగ్గర తల వంచాడు. అడుగుల చప్పుడు విని ఏ చెప్పులో చెప్పే మనిషి. "అమ్మాజీ, అడిగేదీ నువ్వే, జవాబు చెప్పేదీ నువ్వే. ఆ పిల్ల ఊపిరి కూడా లేదే ఇందులో."

మొదటినుంచీ మళ్లీ విన్నాను. నాకు గుర్తున్నవి నాలుగైదు మాటలు. నిహారిక పేరుమీద మొత్తం ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఒక్కటి కూడా నిహారికది కాదు. మౌనం మీద పదికి తొమ్మిది తెచ్చుకున్న మనిషిని, నలభై నిమిషాల్లో ఒక్క క్షణం ఖాళీ ఉంచలేదు.

శుక్రవారం పొద్దున్నే స్ఫూర్తి మేడమ్ ఫోను.

"అమ్మాజీ గారూ, కమాల్ చేసిన్రు! ముప్పై ఒకటి! నేను లెక్కపెట్టిన. ఫస్ట్ సిట్టింగ్‌లనే గింత మాట్లాడిందంటే ఇది మనం అనుకున్న ప్రాబ్లమ్ కాదు. సోమవారం స్కూల్‌కు లెటర్ రాసేస్తా, మాట్లాడగలదని. మిగిలిన పదకొండు సిట్టింగులు వెయిటింగ్‌ల ఉన్న ఇంకో పిల్లకిద్దాం. నిజంగ, మీకు గిఫ్ట్ ఉందండీ."

చెప్పాల్సింది ఒక్క వాక్యం. ముప్ఫై ఏళ్లు లోకంలో ఎవరి మాటనైనా చెప్పిన నోరు నాది. ఫోనులో అది "థాంక్యూ మేడమ్" అంది.

సోమవారం దాకా టైముంది కదా అనుకున్నాను. ఆ రోజంతా అద్దం ముందు నిలబడి ఒప్పుకోలు మూడు రకాలుగా ప్రాక్టీసు చేశాను. ఒకటి గంభీరంగా, ఒకటి గద్గదంగా, ఒకటి మధ్యలో ఆగి నీళ్లు తాగేలా. రెండోది బాగా వచ్చింది. సాయంత్రం ఆటో ఎక్కి జూబిలీహిల్స్ దాకా వెళ్లాను కూడా. క్లినిక్ మెట్ల ముందు ఆటో ఆగింది. దిగలేదు. "అన్నా, వెనక్కి తిప్పు" అన్నాను. వస్తూ వస్తూ అర డజను అరటిపళ్లు కొనుక్కున్నాను, ఎందుకో తెలియదు.

శనివారం మనసు రాయి చేసుకుని మేడమ్ గదికి వెళ్లేసరికి శకుంతలమ్మ అప్పటికే అక్కడుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మేడమ్ ముఖం పాలిపోయి ఉంది.

"నిన్న బడికాడ టీచరుకు చెప్పిన" అంది శకుంతలమ్మ నన్ను చూసి. "ఖుషీల చెప్పిన మేడం, మా పిల్లకు మాట వచ్చిందని. ఆమె దీన్ని క్లాసుల నిలబెట్టి పుస్తకం చదువుమన్నది. చదవలే. చదివేదాంక కూర్చునేది లేదన్నది. ఒక పీరియడ్ మొత్తం నిలబడ్డది బిడ్డ. ఆఖరికి నిలబడ్డ కాడనే పోసుకున్నది. పిల్లలంత నవ్విన్రట. ఇంటికొచ్చినంక ఇంట్ల గూడ మాట్లాడ్తలేదు. పిల్లితోని గూడ. నీతోని మంచిగ మాట్లాడింది గదా, నాతోని ఎందుకు మాట్లాడ్తలేదు మేడం?"

ప్రాక్టీసు చేసిన మూడు రకాలూ ఎక్కడికి పోయాయో. "నాతో మాట్లాడలేదమ్మా" అన్నాను. "అది నా గొంతు."

ఇద్దరికీ అర్థం కాలేదు. "ఏందండీ మీరనేది?" అంది మేడమ్. "ఆ పిల్ల గొంతు నేను ఇన్న కదా."

"నేను డబ్బింగు చెబుతాను మేడమ్. పిల్లలకి. ఆ పిల్ల పెదవి కదిలితే నేను చెప్పేశాను. ముప్ఫై ఒకటీ నేనే."

"ఊకోండి. మీ గొంతు అట్లెట్ల వస్తది?"

ఏదీ, ఒకసారి ఏడవండి అని అడిగిన వాళ్లందరి నుంచీ తప్పించుకుని ఇక్కడికొస్తే, ఇక్కడ అడక్కుండానే చెయ్యాల్సి వచ్చింది. చీర కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకుని, నెరిసిన జుట్టుతో, ఆ గది మధ్యలో నిలబడి అన్నాను: "నేను ఇక్కడ దాక్కున్నాను. బడికి వెళ్లను. నాకు భయమేస్తుంది."

శకుంతలమ్మ కొంగు కిందికి జారింది. "గదే" అంది చాలా నెమ్మదిగా. "నేనిన్నది గదే." నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి కిటికీ దగ్గరకు వెళ్లి అటు తిరిగి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. నాకొచ్చిన పన్నెండు రకాల్లో అది లేదు, దానికి చప్పుడే లేదు.

తిట్టింది స్ఫూర్తి మేడమ్. "నిన్న పొద్దున ఫోన్ల చెప్పొచ్చు కదా! అప్పటికి పిల్ల ఇంకా బడికి పోలేదు!" అంది. "ఎవ్వరూ ఇనని పిల్ల ఆమె. పెదవి కదిపిందంటే ఆమెకది ఎంత పెద్ద ముచ్చటో తెలుసా? ఆ నోట్ల మీ మాట పెట్టిన్రు." తర్వాత కుర్చీలో కూలబడి తల పట్టుకుంది. "నాది గూడ తప్పే. షేక్‌పేట పిల్ల 'భయమేస్తుంది' అంటదా? 'భయమైతుంది' అంటది. ఖుషీల పడి నేను గూడ ఇనలే."

నా ప్రాక్టికల్స్ రద్దయ్యాయి. ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. మేడమ్ అప్పటికప్పుడు బడికి ఫోను చేసి, నిహారికను ఎవరూ నిలబెట్టి చదివించకూడదని చెప్పింది. సోమవారం వెళ్లాల్సిన ఉత్తరం సోమవారమే వెళ్లింది, నిజం రాసుకుని. కేసు ఆవిడే తీసుకుంది. ఇక నా పీడ విరగడైందనుకుని గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచింది.

"ఎక్కడికి? ముందు ఆ పిల్లకు చెప్పాలె మీరు. చెప్పినంక ప్రతి గురువారం వచ్చి ఆ మూల కుర్చీల కూర్చోండి. పెదవి విప్పొద్దు. మీరు నేర్చుకునేది గిప్పుడు అదొక్కటే."

చెప్పాను. చాప మీద నిహారిక ఎదురుగా కూర్చుని, మోకాళ్లు పట్టేస్తుంటే, "ఆ రోజు మాట్లాడింది నువ్వు కాదు, నేను. నిన్నడక్కుండా నీ బదులు మాట్లాడాను. దాని మూలంగా నీకు బడిలో అలా జరిగింది. తప్పు నాది" అన్నాను. ఆ పిల్ల పులి బొమ్మ తోక మెలిపెడుతూ కూర్చుంది. తలెత్తలేదు. క్షమించిందని చెప్పడానికి ఏమీ లేదు.

తర్వాత గురువారం, ఆపై గురువారం. మూల కుర్చీలో కూర్చోవడం బయటికి చెప్పుకోలేనంత కష్టం. మొదటి రోజు పెదవి కొరుక్కున్నాను. రెండో రోజు నాలుక మడత పెట్టి కూర్చున్నాను. మూడోసారి చీర కొంగు మీద గళ్లు లెక్కపెట్టాను. బసవపున్నయ్యకు చెబితే, "నీ నోరు మూయించాలంటే యూనివర్సిటీ కావాల్సొచ్చిందన్నమాట" అని మురిసిపోయాడు. నాలుగో వారానికి నిహారిక ఇంట్లో పిల్లితో మళ్లీ కొట్లాడుతోందని శకుంతలమ్మ మేడమ్‌కు చెప్పింది. నాకు చెప్పలేదు. నావైపు చూస్తూ మేడమ్‌కు చెప్పింది. నాకదే చాలు.

ఆరో గురువారం. మేడమ్ చాప మీద ఊరికే కూర్చుని ఉంది. నిహారిక పసుపు ఆటో తీసింది. ఇన్ని వారాలూ దాన్ని ముట్టలేదు. చిన్న బొమ్మను దాని కిందికి దూర్చి, వంగి, పెదవులు కదిపింది.

లిప్పు. నా గొంతులో మాట సిద్ధంగా నిలబడింది. నేనేం చేస్తున్నానో తెలియకముందే రెండు చేతులతో నా నోరు మూసేసుకున్నాను. కుర్చీ కిర్రుమంది.

నిహారిక నావైపు చూసింది. ముసలావిడ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, కళ్లు తేలేసి కూర్చుని ఉంది. ఆ పిల్ల లేచి వచ్చింది. మెల్లగా, చాప దాటి, నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది. నా చేతుల్ని చూసింది. మేడమ్ కదల్లేదు.

"నా గొంతు గట్లుండదు" అంది నిహారిక.

చిన్నగా అంది. కాస్త బొంగురు గొంతు, చివర్లో గీర ఉంది. ముప్ఫై ఏళ్లలో నేను చేసిన ఏ పిల్ల గొంతులాగానూ లేదు. తలుపు అవతల శకుంతలమ్మ బెంచీ మీంచి లేచిన చప్పుడు వినిపించింది. మరి ఎలా ఉంటుంది తల్లీ, ఇంకొక్క మాట చెప్పవూ అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. నోటిమీంచి చేతులు తీయలేదు.